ముఖము చెక్కగల చేయి

మన పట్టణములలో సన్మానములకు కొదువ లేదు. ఉద్యోగవిరమణ చేసిన అధికారికి, పెద్ద వ్యాజ్యము గెలిచిన న్యాయవాదికి, జీవితమంతయు పాఠము చెప్పిన ఉపాధ్యాయునికి శాలువ కప్పి, దండ వేసి, ఒక జ్ఞాపికను చేతికిచ్చి పంపుట పరిపాటియైనది. శాలువ పెట్టెలోనికి పోవును. దండ మరునాటికి వాడును. జ్ఞాపిక అద్దాల బీరువాలో దుమ్ముపట్టి యుండును. వీనిలో నేదియు తరువాతి తరమువారికి ఆ మనిషి ముఖమును చూపజాలదు. కావుననే తమ పెద్దల రూపమును లోహముపై చెక్కించి నిలుపవలెనని కొందరు కోరుచున్నారు. కోరిక మంచిదే. డబ్బు కూర్చుటయు నంత కష్టము కాదు. చెక్కగలవాడెవడు, వానిని కనుగొనుట యెట్లు అను ప్రశ్నయొద్దనే కార్యము నిలిచిపోవుచున్నది. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు హైదరాబాదునుండి హుల్సూరు మీదుగా బిదరు వరకు పోయివచ్చిన కొందరు మిత్రుల అనుభవమును చదువరులకు నివేదించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

హుల్సూరు బిదరు జిల్లాలో, మహారాష్ట్రపు సరిహద్దునకు దాపున ఉన్న ఊరు. మొన్నమొన్నటివరకు బసవకళ్యాణము తాలూకాలో చేరియుండి, ఇటీవలనే తాను తాలూకా కేంద్రమైనది. ఆ సీమలో కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే సంతలో వినబడును. 1956వ సంవత్సరము వరకు బిదరు జిల్లా యావత్తు హైదరాబాదు రాష్ట్రములోనిదే. రాష్ట్రముల పునర్విభజనలో ఆ జిల్లా మూడు ముక్కలై కన్నడ, మరాఠీ, తెలుగు రాష్ట్రములకు పంచబడినది. జహీరాబాదు, నారాయణఖేడులు మనవైపు వచ్చినవి. బిదరు ఆవలివైపు పోయినది. సరిహద్దు గీత మారినది గాని, రాజధానిలో నేడు ఉద్యోగములు చేయుచున్న ఎందరో తెలుగువారి బాల్యము ఆవలివైపుననే మిగిలిపోయినది.

అట్టివారిలో మా మిత్రుడొకరు. వృత్తిచే ఇంజనీరు. తండ్రిగారు వ్యాపారరీత్యా హుల్సూరున స్థిరపడగా ఆయన అక్కడనే అక్షరములు దిద్దెను. ఆ అక్షరములు దిద్దించిన ఉపాధ్యాయుడు కొంతకాలము క్రిందట గతించెను. ఆ పెద్దమనిషి జహీరాబాదు ప్రాంతపు తెలుగువాడు. లెక్కలు చెప్పెడివాడు. ఆయన శిష్యులలో ఒకరు వైద్యుడు, ఇరువురు న్యాయవాదులు, తక్కినవారు రకరకముల ఉద్యోగులు. వారందరు కలిసి, గురువుగారి ముఖచిత్రమును లోహఫలకముపై చెక్కించి ఆ పాఠశాలకు సమర్పింపవలెనని నిశ్చయించుకొనిరి. చందా ఒక్క వారములో పోగైనది.

గురువుగారికి ఫొటోలు తీయించుకొను అలవాటు లేదు. ఉన్నదెల్ల ఒక్కటే: పాఠశాలలో తీయించిన బృందచిత్రము. అందులో ఆయన నడుమ కుర్చీలో కూర్చున్నారు. ముఖము శనగగింజంత. నెరసిన జుట్టు, తెల్లని మీసము, కళ్ళజోడు కనబడును. శిష్యులకు మాత్రమే తెలిసిన గుర్తు ఇంకొకటి కలదు. ప్రశ్న వేసి జవాబుకొరకు కాచుకొనియున్నప్పుడు ఆయన ఎడమ కనుబొమ రవంత పైకి లేచెడిది. ఆ బొమ లేచినదన్న తరగతి అంతయు నిశ్శబ్దమయ్యెడిదట. చిత్రములోను, తేరిపార చూచినచో, ఆ బొమ లేచియే యున్నది.

యంత్రము చేసిన ముఖము

మొదట వారు సులభమైన దారినే పట్టిరి. రాజధానిలోని ఒక దుకాణమువారికి ఆ ఫొటో నిచ్చిరి. దుకాణమువారు దానిని కంప్యూటరులో పెద్దది చేసి, లేజరు యంత్రముతో ఇత్తడి రేకుపై చెక్కి, రెండుదినములలో చేతికిచ్చిరి. పని శుభ్రముగా ఉన్నది. వెల తక్కువ. అందరును సంతోషించి, ఆ రేకును పట్టుకొని గురుపత్ని యొద్దకు పోయిరి. ఆ వృద్ధురాలు కళ్ళజోడు సవరించుకొని, రేకును వెలుతురునకు త్రిప్పి చూచి, "చాలా బాగుంది నాయనా. ఎవరిదీ బొమ్మ?" అని అడిగెను.

జరిగినదేమన, శనగగింజంత ముఖమును అరచేయంత చేయవలసివచ్చినప్పుడు, చిత్రములో లేని వివరములను కంప్యూటరు తానే ఊహించి పూరించినది. దానికి తెలిసిన లక్షల ముఖముల పోలికను చూచి, చర్మమును నున్నన చేసినది. కన్నులను సమము చేసినది. పైకి లేచిన కనుబొమను తప్పని యెంచి, రెండవదానికి సరిగా దించినది. రేకుపై మిగిలినది ఎవరో ఒక మర్యాదస్థుని ముఖము. గురువుగారిది మాత్రము కాదు.

ఇందు యంత్రమును నిందింపవలసిన పని లేదు. స్పష్టమైన ఫొటో ఉన్నచో అది ఆ ఫొటోను చుక్కలు చుక్కలుగా లోహముపైకి దింపగలదు. ఏది విడువవచ్చునో, ఏది విడువరాదో అడిగి తెలిసికొనుట దానికి చేతకాదు. రూపచిత్రమునకు ప్రాణమంతయు ఆ విడుచుటలోను, విడువకుండుటలోను ఉన్నది.

రెండవమారు మన మిత్రులు హుల్సూరులోనే వెదకిరి. కంచు, ఇత్తడి పాత్రలపై పేర్లు కొట్టువాడొకడు అచట కలడు. పెండ్లిండ్లకు ఇచ్చిన బిందెలమీద, గుడికి సమర్పించిన గంటలమీద దాతల పేర్లను చిన్న ఉలితో టకటక కొట్టి చెక్కుట వాని వృత్తి. నాలుగు లిపులలో పేరు చెక్కగల నేర్పరి. వాడు ఫొటోను చూచి చేతులు జోడించెనట. అక్షరము కొంచెము వంకరపోయినను చదువువాడు సర్దుకొనును. ముఖము వంకరపోయినచో మనిషే మారిపోవును. అందుచేత ఆ పనికి తాను తగనని చెప్పి, బిదరు పొండని దారి చూపెను. పనివాని నేర్పును తెలిసికొనుటకు ఇది మంచి గుర్తు. తనకు రానిదానిని రాదని చెప్పినవాని మాట, వచ్చునన్నప్పుడు నమ్మదగియుండును.

నల్లని నేల, తెల్లని గీత

బిదరు హైదరాబాదునకు సుమారు 140 కిలోమీటర్ల దూరమున ఉన్నది. 15వ శతాబ్దపు మూడవ దశకమున బహమనీ సుల్తాను అహమ్మదుషా తన రాజధానిని గుల్బర్గానుండి అచటికి మార్చెను. ఇరాను దేశపు పనితనము మన దక్కను పనివారి చేతిలో పడి బిద్రీగా పరిణమించినదని అచటివారు పరంపరగా చెప్పుకొందురు. నేడు మనకు చూడదొరకు ప్రాచీన వస్తువులలో పెక్కు 17వ శతాబ్దమునకు ఈవలివి. మన సాలార్‌జంగు మ్యూజియములోను, లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములోను వానిని చూడవచ్చును. హుక్కాబుడ్లు, పాన్‌దానులు, సురాహీలు, పళ్ళెములు, వానిపై గసగసాల పూలు, లతలు. ముఖములు మాత్రము బహు అరుదు.

బిద్రీపని ఎట్లు జరుగునో తెలిసినగాని ముఖము ఎందుకంత కష్టమో బోధపడదు. తుత్తునాగము 16 పాళ్ళకు రాగి 1 పాలు చొప్పున కరగించి, ఇసుక అచ్చులో పోసి వస్తువును తీయుదురు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తపు నీరు రాతురు. దానితో పైన తాత్కాలికముగా నలుపెక్కును. ఆ నలుపుమీద సూదివంటి మొనతో చిత్రమును చేతితోనే గీయుదురు. తరువాత వస్తువు కదలకుండ మైనముతో బిగించి, సన్నని ఉలులతో గీతవెంట గాడి తీయుదురు. ఈ గాడి తీయుటయే నగిషీ. ఆ గాడిలో వెండి తీగనో, వెండి రేకునో ఉంచి సుత్తితో మెల్లగా కొట్టి కూర్చుదురు. తీగపనిని తార్‌కషీ యనియు, రేకుపనిని తహ్‌నిషాన్ అనియు పిలుతురు.

ఇక్కడ నొక విచిత్రము కలదు. వెండి కూర్చిన పిమ్మట పైభాగమును మరల ఆకురాయి పట్టి నునుపు చేయగా, మైలుతుత్తపు నలుపు పోవును. అప్పుడు తుత్తునాగము తెల్లనిదే, వెండి తెల్లనిదే. అంతదనుక శ్రమపడి చెక్కిన చిత్రము కంటికి ఆనకుండ పోవును. కట్టకడపట వస్తువును కొంచెము వేడిచేసి, బిదరుకోట పాతకట్టడములలో ఎండవానలు తగులని చోట దొరకు మట్టిని నవాసారముతో నీట కలిపి పూయుదురు. ఆ మట్టి పదునును పనివారు నాలుకపై వేసికొని పరీక్షింతురు. ఆ పూతతో తుత్తునాగపు భాగము గాఢముగా నల్లబడును. వెండికి ఏ మార్పును కలుగదు. కడిగి నూనె రాచినప్పుడు, మాయమైన చిత్రము నల్లని నేలపై తెల్లగా తేలివచ్చును. అనగా చెక్కినవాడే తన పని యెట్లు వచ్చినదో చిట్టచివరి ఘడియవరకు పూర్తిగా చూడజాలడు. పూవు విషయమున ఇది పెద్ద చిక్కు కాదు. రేకు ఒకటి రవంత పక్కకు పోయినను అది పూవుగానే యుండును. ముఖమునకు ఆ వెసులుబాటు లేదు.

మరియొక చిక్కు కలదు. కాగితముపై బొమ్మ వ్రాయువాడు తెల్లని నేలపై నల్లని గీత గీయును. అతడు గీయునది నీడను. బిద్రీ పనివాడు నల్లని నేలపై తెల్లని గీత దిద్దును. అతడు దిద్దునది వెలుతురును. ఫొటోలోని గీతలను ఉన్నవున్నట్లు వెండితో దిద్దినచో, నల్లని కనుపాప తెల్లబడి, తెల్లని కంటిభాగము నల్లబడి, ముఖము దయ్యపు ముఖమగును. కావున చెక్కువాడు మొదట ఆ ముఖమును మనస్సులో తలక్రిందులు చేసికొనవలెను: వెలుగు ఎక్కడెక్కడ పడినదో అక్కడ మాత్రమే వెండి, తక్కినదంతయు నలుపునకు విడువవలెను.

ఐరోపాలో రాగిరేకుపై ముఖములు చెక్కి అచ్చువేసిన పనివారును గీత మందమును బట్టియే వెలుగునీడలను సాధించిరి. 1649లో ఫ్రెంచివాడైన క్లోద్ మెలాన్, క్రీస్తు ముఖమునంతయు ముక్కు కొననుండి బయలుదేరిన ఒకే ఒక చుట్టుగీతతో చెక్కెను. ఆ గీత ఎక్కడను తెగదు, మరియొక గీతను దాటదు. లావగుటచేతను సన్నమగుటచేతను మాత్రమే అది కన్నగును, పెదవియగును, గడ్డమగును. లోహముపై ముఖము చెక్కుట యనగా ఇదియే. గీత ఎక్కడ లావు కావలెనో, ఎక్కడ సన్నము కావలెనో చేతికి తెలియవలెను.

చిలుక కన్ను

బిదరులో మన మిత్రులు మొదట దుకాణములనే యాశ్రయించిరి. ఎక్కడ చూచినను పూలకూజాలు, గాజులు, ఏనుగులు, నెమళ్ళు. ముఖము చెక్కగలరా అన్నచో, తప్పక చేయింతుమనుటయే గాని ఎవరిచేత చేయింతురో చెప్పరు. ఇందు వర్తకులను తప్పుపట్టుటకు లేదు. పనివాని పేరు చెప్పినచో కొనువాడు తిన్నగా అతని యింటికే పోవునేమో యన్న భయము వారిది. అయితే కొనువానికి తెలియవలసినది దుకాణము పేరు కాదు. చెక్కు చేయి ఎవరిది అన్నది.

రెండవనాటి సాయంకాలము, ఒక దుకాణపు మూలనున్న చిన్న పాన్‌దాను మూతపై మా ఇంజనీరు మిత్రుని దృష్టి నిలిచినది. మూతపై ఒక చిలుక. మిర్యపుగింజకన్న చిన్నదైన దాని కంటిలో సగము వెండి, సగము నలుపు. ఆ చిలుక ఓరచూపు చూచుచున్నది! చుట్టునున్న లతలు అందరును చెక్కునట్టివే. ఆ కన్ను మాత్రము వేరు. ఆయన ఆ మూతను చేతబట్టి, ధర మాట యెత్తక, ఈ కన్ను చెక్కినవారెవరని అడిగెను. యజమాని కొంత తటపటాయించెను. తన దుకాణము ద్వారానే పని చేయింతుమని మాట యిచ్చిన పిమ్మట ఆ ఉస్తాదుగారి యింటికి తానే వెంటబెట్టుకొని పోయెను.

నిపుణుని వెదకువారికి ఇంతకన్న మంచి ఉపాయము మాకు తోచుట లేదు. పెద్దవస్తువును, ఎక్కువ వెండిని చూచి మోసపోరాదు. అందులో కన్నున్నచో కన్నును, వ్రేళ్ళున్నచో వ్రేళ్ళను చూడవలెను. చేయి దాగజాలని చోట్లు అవియే.

ఆ ఉస్తాదుగారు వయసు మళ్ళినవారు. ఫొటోను చాలసేపు చూచి, పక్కన పెట్టి, ఇది చాలదనిరి. ఈయనను బాగుగా ఎరిగినవారెవరని అడిగిరి. శిష్యులు ఒక్కొక్కరే తమకు జ్ఞాపకమున్నదానిని చెప్పిరి. కనుబొమ సంగతి అందరును చెప్పిరి. ఎంత లేచెడిది, బొమ లేచినప్పుడు పెదవి బిగిసెడిదా, నవ్వు దాగియుండెడిదా అని ఆయన మరల మరల ప్రశ్నించెనట. తరువాత ఒక నెల వ్యవధి కోరి, ముందుగా ముఖమంతయు కాక, బొటనవ్రేలి గోరంత తునకపై ఎడమ కన్నును, దానిపై బొమను మాత్రమే చెక్కి యిత్తుననెను. అది నచ్చినచో పని, నచ్చనిచో ఆ తునకకు కూలి మాత్రమే.

ఆ నమూనాను గురుపత్ని యొద్దకు కొనిపోయిరి. ఆమె దానిని అరచేతిలో పెట్టుకొని చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మళ్ళీ ఏం తప్పు చేశార్రా మీరు?" అని కన్నీళ్ళతో నవ్వెను. పని ఒప్పగింపబడినది.

ఫలకము పూర్తియగుటకు నాలుగు మాసములు పట్టినది. నెరసిన జుట్టును, మీసమును తీగలతో దిద్ది, కళ్ళజోడు అంచునకు వెంట్రుకవంటి తీగను కూర్చి, కంటి తెలుపునకు రేకు నుంచి, కనుపాపను నలుపునకే విడిచిరి. చెక్కిళ్ళపై నాలుగైదు గీతలకన్న లేవు. తక్కిన ముఖమంతయు బిదరుకోట మట్టి తెచ్చిన నలుపే. ఆ నలుపులోనుండి ఒక మనిషి మనవైపు చూచుచు, జవాబునకు కాచుకొనియున్నాడు.

పేరు మాట

చిక్కు ఇంతటితో తీరలేదు. ఫలకమునకు దిగువ ఏమి చెక్కవలెనన్న చర్చ వచ్చినది. గురువుగారి పేరు, ఉద్యోగము చేసిన సంవత్సరములు, సమర్పించిన శిష్యుల పేర్లు, ఇంతవరకు అందరును ఏకాభిప్రాయులే. చెక్కినవారి పేరుకూడ ఉండవలెనని ఒకరనగా, కూలి ఇచ్చితిమి గదా, పేరెందుకు అని మరియొకరు అడిగిరట. అది దురహంకారముతో అడిగిన మాట కాదు. మనకు అలవాటు లేనందున అడిగిన మాట.

ఈ అలవాటు ఎంతకాలమునుండి తప్పినదో ఆలోచింపదగును. శాతవాహన రాజులు వేయించిన వెండినాణెములపై గోరంత మేర రాజు ముఖము కలదు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణుల ముక్కు తీరును, జుట్టు ముడిని మనము నేడును చూడగలుగుచున్నాము. ఆంధ్రదేశపు లోహముపై మనకు తెలిసిన తొలి రూపచిత్రములలో ఇవి యున్నవి. చుట్టును రాజు పేరు కలదు. ఆ ముఖమును ముద్రపై తలక్రిందులుగా చెక్కినవాని పేరు లేదు. తిరుమల ఆలయములో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల రాగివిగ్రహమునకు, ఇరుప్రక్కలనున్న తిరుమలదేవి, చిన్నాదేవుల విగ్రహములకు భుజములపై పేర్లు చెక్కబడియున్నవి. శిల్పి పేరు చెక్కబడలేదు.

అయితే అదే రాయల కాలమున మరియొక ఆచారమును కలదు. ఆయన దానశాసనములను రాగిరేకులపై చెక్కినప్పుడు, చివర శ్లోకములు కూర్చిన కవి సభాపతి పేరును, రేకులు చెక్కిన మల్లణ కుమారుడు వీరణాచార్యుని పేరును వేసిరి. రాజు, కవి, చెక్కినవాడు ఒకే రేకుపై నిలిచిరి. అయిదువందల యేండ్ల తరువాత వీరణాచార్యుని మనము ఎరిగియుండుటకు ఆ ఒక్క పంక్తియే కారణము. దానకర్తకు గాని, కవికి గాని దానివలన గౌరవము తగ్గలేదు.

పడమటి దేశములలోను ఈ విషయము పోరాడి సాధింపబడినదే. 1660లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ, రేకులపై చెక్కు విద్యను వృత్తిసంఘముల కట్టుబాట్లనుండి తప్పించి, స్వతంత్రకళగా ప్రకటించెను. ఆనాడు రాజు ముఖమును రాజసభికుల ముఖములను చెక్కినవారిలో రొబేర్ నాంతోయ్ మేటి. అక్కడి అచ్చుచిత్రములకు దిగువ ఎడమమూలను చిత్రము వ్రాసినవాని పేరును, కుడిమూలను చెక్కినవాని పేరును వేయుట ఆచారమైనది. ఆ చిన్న అక్షరములవలననే నేడు ఏ ముఖము ఎవరి చేతిదో చెప్పగలుగుచున్నారు.

మన బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది. బిదరువాడైన షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. రెండును సంతోషింపదగినవే. కాని భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడును. ఇంటిలో కూర్చుండి ఉలి పట్టినవాని పేరును కాపాడదు. పద్మశ్రీ ఒక్కరి పేరును దేశమునకు చెప్పును. తక్కినవారి పేర్లను ఎవరు చెప్పవలెను? వస్తువు కొనువాడే చెప్పవలెను. వేరొకరు లేరు.

ఇందు సానుభూతి మాట కంటె లెక్క మాట ముఖ్యము. వెండి ధర పెరిగినకొలది వస్తువు వెల పెరుగును. కొనువాడు అంత వెలలో పనివానికి మంచి కూలి ముట్టినదని భ్రమపడును. పెరిగినది వెండికి పోయినదే గాని చేతికి పోలేదు. వెల తగ్గింపుమని బేరమాడినప్పుడు తగ్గునదియు వెండి కాదు, కూలియే. కావున పని ఒప్పగించునప్పుడు వెండి తూకమును, దాని వెలను ఒకవైపును, పనికూలిని వేరొకవైపును వ్రాయించుకొనుట మేలు. అప్పుడు బేరము దేనిమీద ఆడుచున్నామో మనకే తెలియును. ముఖము చెక్కగల చేయి పూలకూజాల కూలితో బ్రదుకవలసివచ్చినచో, ఆ చేతి విద్య కుమారునికి అందదు. కుమారుడు మరియొక జీవనోపాధిని వెదకుకొనును. మనమప్పుడు ఎంత డబ్బు పట్టుకొని తిరిగినను ఆ చిలుక కన్ను మరల దొరకదు.

వెదకువారు జ్ఞాపకముంచుకొనవలసినవి ఇంకను కొన్ని కలవు. నమూనా లేక పూర్తిపనిని ఒప్పగింపరాదు. నమూనాకు కూలి ఈయక అడుగరాదు. ఫొటో ఒక్కటే ఇచ్చి ఊరకుండరాదు. ఆ మనిషిని ఎరిగినవారిని పనివాని యెదుట కూర్చుండబెట్టవలెను. పుట్టినరోజునకో, సభాదివసమునకో ముడిపెట్టి తొందరచేయరాదు; సభను పని ముగిసిన పిమ్మట ఏర్పాటు చేసికొనవచ్చును. ఫొటోవలె ఉండవలెనని పట్టుపట్టరాదు; మనిషివలె ఉన్నదో లేదో చూడవలెను. అన్నిటికన్న మించి, చేయజాలనని చెప్పు స్వేచ్ఛను పనివానికి ఈయవలెను.

ఇక పేరు సంగతి. చర్చ ముగిసి, ఉస్తాదుగారి పేరు వేయవలెనని నిశ్చయించి ఆయనకు చెప్పగా, ఆయన సంతోషించి కూడ ఒప్పుకొనలేదట. కరగించి పోసినవాడు వేరు, వెండి కూర్చినవాడు వేరు, మట్టి పూసి నలుపెక్కించినవాడు వేరు. తన పేరొక్కటే వేసినచో వారి ముఖము ఎట్లు చూతునని అడిగెను. చివరకు ఫలకమునకు వెనుకవైపున నలుగురి పేర్లు చెక్కుటకు నిర్ణయమైనది. ఆ పేర్లను చెక్కుటకు పిలువబడినవాడు హుల్సూరులో పాత్రలపై పేర్లు కొట్టు ఆ నేర్పరియే. తనకు ముఖము రాదన్నవాడు అక్షరములను మాత్రము చక్కగా చెక్కెను.

ఫలకము ఇప్పుడు ఆ పాఠశాలలో ఉన్నది. గోడకు బిగింపక, రెండువైపులు కనబడునట్లు చిన్న పీఠముపై నిలిపినారు. గురువుగారు జీవించియుండగా ప్రతి ఉదయము హాజరుపట్టిక తెరచి, పేరు పేరున పిలిచి, ప్రతివాడు పలికినదాక తరువాతి పేరునకు పోయెడివారు కారట. ఒక్క పేరు విడిచినను ఆ దినము లెక్క సరిపోదని ఆయన మతము. ఆయన ముఖమును చెక్కిన నలుగురి పేర్లను ఆయన వెనుక వ్రాయుటలో, ఆ శిష్యులు గురువుగారి లెక్కను సరిచేసినారు. రాజధానిలో సన్మానములు చేయించు మనవారు, తరువాతిమారు జ్ఞాపిక కొనబోవునప్పుడు, దుకాణపు బల్లపై దానిని వెనుకకు త్రిప్పి చూతురుగాక. అక్కడ పేరు లేకున్నచో, ఎవరిదని అడుగుదురుగాక. పలుకువాడు ఎక్కడనో కాచుకొనియున్నాడు.